పంచాంగానికెక్కని తిథులు

స్మారకోపన్యాసం అంటేనే ఒక తిథికి కట్టుబడిన మాట. పోయినవారిని ఏడాదికొకసారి ఫలానా రోజున తలుచుకోవడం మనకు తరతరాల అలవాటు. తద్దినం అన్న మాటకు అర్థమే ‘ఆ రోజు’ అని. ఇవాళ నేను ఎత్తుకున్న కథానాయకుడు మాత్రం బతికుండగానే తన తద్దినాలు తానే అనుభవించినవాడు. ఏటా అక్టోబరు 6 వచ్చేసరికి అతని భుజంలో మానిపోయిన గాయం మళ్లీ సలుపుతుంది. మార్చి 13 వచ్చేసరికి మంచం పడతాడు. ఆ రోజుల్లో అతనికేం జరిగిందో ఊళ్లో ఎవరికీ పట్టదు. పట్టిన ఒకరిద్దరికి అతనే సరిగా చెప్పడు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని ఫ్రోడో బాగిన్స్ ఇతను. 1954, 1955 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చిన ఆ నవలను చదివినవాళ్లూ, చదవకపోయినా సినిమాగా చూసినవాళ్లూ మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఫ్రోడో అంటే వాళ్లకు ప్రేమే. అతన్ని వీరుడనమంటే మాత్రం కాస్త నసుగుతారు. ఆ నసుగుడు ఎందుకు, అందులో న్యాయమెంత అన్నదే ఈ ఉపన్యాసం.

కథ తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. హాబిట్లు మనలో సగం ఎత్తుండే పొట్టివాళ్లు. షైర్ అనే పచ్చని పల్లెసీమలో తోటపని, తిండి, పొగాకు, చుట్టరికాల లెక్కలు తప్ప మరో ధ్యాస లేకుండా బతుకుతుంటారు. బిల్బో అనే పెద్దాయన తాను పెంచుకున్న ఫ్రోడోకి ఇల్లూ వాకిలీతో పాటు ఒక బంగారు ఉంగరం వదిలివెళతాడు. పదిహేడేళ్ల తర్వాత గాండాల్ఫ్ అనే మాంత్రికుడు వచ్చి దాని గుట్టు విప్పుతాడు. సౌరాన్ అనే దుష్టప్రభువు తన శక్తిని ధారపోసి చేసుకున్న ఉంగరం అది. దగ్గర పెట్టుకున్నవాడి మనసును కొద్దికొద్దిగా తినేస్తుంది. పుట్టిన అగ్నిపర్వతంలో తప్ప ఇంకెక్కడా కరగదు. ఆ పర్వతమేమో శత్రువు గడ్డ అయిన మోర్డోర్‌లో ఉంది. యాభయ్యో ఏట ఫ్రోడో దాన్ని తీసుకుని బయల్దేరతాడు. ఆరునెలల ప్రయాణం. తోటమాలి శామ్ చివరిదాకా తోడుంటాడు. ఆ ఉంగరాన్ని దాదాపు ఐదొందల ఏళ్లు దాచుకుని దానికే బానిసైన గొల్లమ్ అనే దీనజీవి వెంటాడుతూ, దారి చూపిస్తూ, ద్రోహం చేస్తూ వస్తాడు. మార్చి 25న ఫ్రోడో అగ్నిగుండం అంచున నిలబడతాడు. నిలబడి, ఉంగరాన్ని వెయ్యడు. ఇది నాదని చాటి వేలికి తొడుక్కుంటాడు. గొల్లమ్ మీదపడి ఆ వేలు కొరికేసి, దొరికిందన్న ఆనందంలో గంతులేస్తూ కాలుజారి గుండంలో పడతాడు. ఉంగరం కరిగిపోతుంది, లోకం బతికిపోతుంది.

నసుగుడంతా ఇక్కడే. లోకం గట్టెక్కిన క్షణాన కథానాయకుడు లోకం పక్షాన లేడు. త్యాగమంటే మనకు తెలిసిన నమూనాలు వేరు. శిబి తన మాంసం కోసి త్రాసులో వేశాడు. కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచకుండలాలు ఒలిచి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వాళ్ల చెయ్యి వణకలేదు. అదే ఆ కథల బలం. ఇచ్చేవాడు నిండుగా నిలబడి తనకున్నదాన్ని ఇస్తాడు. దేహం పోయినా, ప్రాణం పోయినా, ‘ఇస్తున్నాను’ అనే మనసు చెక్కుచెదరదు. ఫ్రోడో దగ్గర ఆ మనసే ఖర్చయిపోయింది. నా వాదన ఇంతే: అగ్నిగుండం అంచున అతని ఓటమి అతని త్యాగానికి మచ్చ కాదు, రుజువు. ఇవ్వడానికి నిలబడిన ‘నేను’నే అతను దారిలో రోజుకింత చొప్పున ఇచ్చేశాడు. గమ్యం చేరేసరికి ఇవ్వడానికి లోపల మనిషి మిగల్లేదు. ఇది దయతలచి నేను అంటగడుతున్న వ్యాఖ్యానం అనుకోకండి. నవల దీనికి మొదటి నుంచీ సాక్ష్యాలు పేరుస్తూ వచ్చింది.

మొదటి సాక్ష్యం రెండో అధ్యాయంలోనే, ఫ్రోడో ఇంటి పొయ్యి దగ్గర దొరుకుతుంది. ఉంగరం చరిత్ర చెప్పాక గాండాల్ఫ్, కావాలంటే ఇప్పుడే దాన్ని నాశనం చెయ్యడానికి ప్రయత్నించి చూడమంటాడు. ఎదురుగా చిన్న మంట. ఆ మంటలో వేస్తే ఉంగరం కరగదని ఇద్దరికీ తెలుసు. పడేసినా నష్టమేమీ లేదు. ఫ్రోడో ఉంగరం బయటికి తీస్తాడు, అరచేతిలో తూచినట్టు చూస్తాడు, విసరబోతాడు, చివరికి చూసుకుంటే అది మళ్లీ జేబులో ఉంటుంది. ఎప్పుడు పెట్టుకున్నాడో అతనికే తెలియదు. గాండాల్ఫ్ దీన్ని నవ్వి వదిలేయడు. నువ్వు అప్పుడే దీన్ని వదలలేకపోతున్నావు, నేను బలవంతాన విడిపిస్తే నీ మనసు విరిగిపోతుంది అని తేల్చిచెబుతాడు. కథ ఇంకా ఇల్లు కదలనే లేదు. సొంతింట్లో, స్నేహితుడి ఎదుట, ప్రమాదం లేని మంటలో వెయ్యలేనివాడు, ఆరు నెలలు మోసి, దాని బలం అన్నిటికంటే ఎక్కువగా ఉండేచోట నిలబడి వేస్తాడని ఏ పాఠకుడూ ఆశించడానికి లేదు. ఫ్రోడో కూడా ఆశించి ఉండడు. తనవల్ల కాని పని అని చేత్తో తెలుసుకున్నాక కూడా ఆ పనికి బయల్దేరాడు. గెలుస్తానన్న నమ్మకంతో వెళ్లేవాడి ధైర్యం ఒక రకం. తన చెయ్యి తన మాట వినదని తెలిసీ వెళ్లేవాడిది వేరు.

దారిలో ఏమేం పోయాయో నవల లెక్కకట్టినట్టు చెబుతుంది. వెదర్‌టాప్ కొండమీద అక్టోబరు 6 రాత్రి మంత్రపు కత్తిపోటు. విరిగిన కత్తిమొన లోపలే ఉండి గుండెవైపు పాకుతుంటే పదిహేడు రోజుల తర్వాత వైద్యమెరిగిన ఎల్రాండ్ ప్రభువు దాన్ని తీయగలిగాడు. మోర్డోర్ కనుమలో షీలాబ్ అనే రాక్షససాలీడు కాటు. ఆపైన మార్చి 13న బందీగా బురుజులో నగ్నంగా, కొరడాదెబ్బల మధ్య. పర్వతం మీద తెగిన వేలు. ఇవి ఒంటికి తగిలినవి. లోపలివి ఇంకా భయంకరం. మోర్డోర్ ఎడారిలో శామ్ పాత ముచ్చట ఒకటి కదుపుతాడు, ఫలానా చోట కుందేలు కూర వండుకున్నాం గుర్తుందా అని. ఫ్రోడోకి జరిగినట్టు తెలుసు, కళ్లకు కట్టడం లేదు. తిండి రుచి, నీళ్ల స్పర్శ, గాలి చప్పుడు, చెట్టు, గడ్డి, చంద్రుడు, ఏవీ గుర్తుకు రావడం లేదంటాడు. మెలకువలో కూడా కళ్లముందు ఒక నిప్పుచక్రం తిరగడం తప్ప మరేం కనబడదంటాడు. జ్ఞాపకం ఉండి దాని రుచి పోవడాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన రచనలు తక్కువ. ఇల్లు కాపాడటానికి బయల్దేరినవాడికి ఇల్లు ఎలా ఉంటుందో తోచకుండా పోయింది. త్యాగం ఆ ఎడారిలోనే పూర్తయింది. గుండం దగ్గర జరిగింది దాని లెక్క తేలడం మాత్రమే.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. గుండం అంచున ఫ్రోడో మూర్ఛలో లేడు, పిచ్చిగా కేకలు వెయ్యలేదు. చేయవలసిన పని చేయకూడదని నిర్ణయించుకున్నానని స్పష్టంగా, గట్టిగా చెప్పాడు. నిర్ణయం అన్నాక బాధ్యత ఉండదా? ఇలా అడిగే పాఠకులు పుస్తకం వచ్చిన కొత్తలోనే ఉన్నారు. ఫ్రోడోని సన్మానించడమేమిటి, ద్రోహిగా మరణశిక్ష వేయాల్సిందని ఒకరు మండిపడుతూ ఉత్తరం రాసినట్టు 1956 నాటి తన ఉత్తరపు ముసాయిదాలో టోల్కీన్ ప్రస్తావించాడు. మంచివాళ్లను రోజూ చిత్రహింసలు పెట్టి, మెదళ్లు కడిగి విరిచేస్తున్న ఈ కాలంలో కూడా ఇంత సూటిగా, ఇంత అహంకారంగా తీర్పు చెప్పగలుగుతున్నారే అని ఆశ్చర్యపడ్డాడు. 1963 సెప్టెంబరులో ఇంకో పాఠకురాలికి రాసిన దీర్ఘమైన జాబులో మరో అడుగు వేశాడు: పెద్ద బండ కింద పడి నలిగిన శరీరాన్ని నైతికంగా ఓడిందని ఎవరూ అనరు, మనసు నలిగినప్పుడూ అంతే అన్నది దాని సారాంశం. నేనైతే రచయిత వాంగ్మూలం మీద పూర్తిగా ఆధారపడను, పుస్తకంలోనే జవాబుంది. ఆ మాట పలికిన గొంతు శామ్ ఎన్నడూ విననంత స్పష్టంగా, బలంగా ఉందంటాడు కథకుడు. నిమిషాల క్రితం నడవలేక పాకుతూ, శామ్ వీపున ఎక్కి కొండ చేరినవాడికి హఠాత్తుగా అంత గొంతు ఎక్కడిది? పూనకంలో పలికే గొంతుకీ మనిషి గొంతుకీ తేడా మన ఊళ్లలో ముసలమ్మలకు బాగా తెలుసు. ‘నిర్ణయించుకున్నాను’ అన్న క్రియకు కర్త ఎవరో వెతకండి, ఫ్రోడో దొరకడు.

మరణశిక్ష వేయాలన్న మాట కేవలం పాఠకుడి కోపం కాదు, దాని వెనక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో దళం విడిచిపోయారని, పిరికితనం చూపారని, ఇంకా అలాంటి నేరాలకు బ్రిటిష్, కామన్వెల్త్ సైన్యాలు తమ సైనికులనే కట్టేసి కాల్చి చంపాయి. వాళ్లలో 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాభిక్ష పెట్టారు. వాళ్లలో ఫిరంగుల మోతకు మనసు చెదిరినవాళ్లున్నారన్న సంగతి అప్పటికి ఒప్పుకున్నదే. స్టాఫర్డ్‌షైర్‌లో వాళ్ల స్మారకంగా 306 గుంజలు పాతారు. టోల్కీన్ సైనికశిక్షణలో కొంత భాగం ఆ జిల్లా శిబిరాల్లోనే గడిచింది. అక్కడి నుంచి 1916 జూన్‌లో లాంకషైర్ ఫ్యూజిలియర్స్ దళంలో సంకేతాధికారిగా ఫ్రాన్స్ వెళ్లాడు. జులై 1న సోమ్ యుద్ధం మొదలైంది. ఆ ఒక్క రోజునే 19,240 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. టోల్కీన్ బడినాటి ప్రాణస్నేహితుడు రాబర్ట్ గిల్సన్ వాళ్లలో ఒకడు. డిసెంబరులో ఇంకో స్నేహితుడు జెఫ్రీ స్మిత్ ఫిరంగిగుండు ముక్కలు తగిలి పోయాడు. టోల్కీన్ కందకజ్వరం పట్టి నవంబరులో ఇంగ్లండు చేరాడు. ఆ జ్వరం పేలవల్ల వస్తుంది. ఆయన ప్రాణం కాపాడింది పేలే అంటే వెటకారమనుకోవద్దు.

ఇదంతా చెప్పగానే రెండో ఆక్షేపణ లేస్తుంది. కల్పనాగాథకు ఆధునిక వైద్యపరిభాష తొడగడం కాలవిరుద్ధం కాదా? గాయానంతర మానసిక రుగ్మత అన్న పేరు అమెరికా మనోవైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. టోల్కీన్ పోయింది 1973లో. పైగా తన కథ దేనికీ ప్రతీకాత్మక రూపం కాదని, ప్రతీకలంటే తనకు గిట్టదని రెండో ముద్రణ ముందుమాటలో ఆయనే కరాఖండిగా రాశాడు. నిజమే. ఉంగరం అణుబాంబు, మోర్డోర్ జర్మనీ అనే చదువును ఆ ముందుమాట కొట్టేసింది, మంచిపని చేసింది. కానీ అదే ముందుమాటలో, యుద్ధం నీడ ఎలాంటిదో పూర్తిగా తెలియాలంటే దాని కింద బతికి ఉండాలని, 1918 నాటికి తన ఆప్తమిత్రుల్లో ఒక్కడు తప్ప అందరూ పోయారని కూడా రాశాడు. ప్రతీక వేరు, అనుభవం వేరు. పేరు 1980లో పుట్టినంత మాత్రాన జబ్బు 1980లో పుట్టలేదు. ‘షెల్‌షాక్’ అన్న మాటనే చార్లెస్ మయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో వాడాడు. తిథి వచ్చేసరికి ఒళ్లు తిరగబెట్టడం, పోయిన పీడనే మళ్లీ కోరుకోవడం, జబ్బును దాచిపెట్టడం, ఊరి సంబరాల్లోంచి మెల్లగా పక్కకు జరగడం. ఫ్రోడోలో టోల్కీన్ ఒక్కొక్కటీ పేరు పెట్టకుండా చూపించాడు. పేరు లేకపోవడమే మేలయింది. పేరుంటే మనం చీటీ అతికించి పక్కన పెట్టేవాళ్లం.

జబ్బును దాచిపెట్టడం అన్నాను; దాని దగ్గర కొంచెం ఆగాలి. తిరిగొచ్చిన మొదటి మార్చి 13న శామ్ ఊళ్లో లేడు. అతను ఉంటున్న ఇంటిపెద్ద కాటన్‌కు ఫ్రోడో పక్కమీద పడి కనిపించాడు. మెడలో గొలుసుకున్న తెల్లరాయిని పిడికిట్లో బిగించి, అది పోయింది, ఇక అంతా చీకటి, అంతా బోలు అని కలవరిస్తున్నాడు. పోయిందని ఏడ్చింది దేనికోసం? తన బతుకును పిండిచేసిన ఆ ఉంగరం కోసమే. శామ్ తిరిగొచ్చేసరికి లేచి తిరుగుతున్నాడు, సంగతి చెప్పలేదు. ఆ అక్టోబరు 6న శామ్ కంటపడ్డాడు. మరుసటి మార్చి 13న మళ్లీ జబ్బుపడి, కష్టపడి దాచాడు. అప్పుడు శామ్ భార్య నిండుచూలాలు, ఇంట్లో ఆలోచించుకోవలసినవి వేరే ఉన్నాయి. పన్నెండు రోజులకు, మార్చి 25న, ఉంగరం కరిగిన తేదీనే, ఆడపిల్ల పుట్టింది. పిల్ల పుట్టబోయే ఇంట్లో ఏడుపు వినబడకూడదని మూల గదిలో పళ్లు బిగబట్టుకున్న మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. నా లెక్కలో అగ్నిపర్వతం ఎక్కడం కంటే ఇది చిన్న పని కాదు. ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో యుద్ధపీడిత అధికారులకు చికిత్స చేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్, జరిగింది మరచిపొమ్మని రోగులకు సలహా ఇవ్వడమే వాళ్లకు ముప్పు అని 1918లో వాదించాడు. (ఈయన అంతకుముందు మన నీలగిరుల్లో తోడాల మధ్య తిరిగి, 1906లో వాళ్లమీద పెద్ద గ్రంథం రాసినవాడు; ఊరు ఒక మనిషిని ఎలా మోస్తుందో అక్కడ చూసే ఉంటాడు.) ఫ్రోడోకి చెప్పుకునే చోటు లేదు. రాసుకునే పుస్తకం మాత్రం ఉంది. రాశాడు, ఆఖరి పుటలు ఖాళీగా వదిలి శామ్‌కి ఇచ్చాడు.

మన సంప్రదాయంలో ఇలాంటివాడికి చోటు ఎక్కడుందని వెతికాను. వీరగల్లులు చచ్చినవాళ్లకే చెక్కారు. తిరిగొచ్చి నిద్రపట్టక అరుగుమీద కూర్చున్నవాడికి రాయి లేదు. నెల్లూరు ఖడ్గతిక్కన కథ తెలుగునాట తెలియనిదెవరికి? పోరులో దెబ్బతిని ఇల్లు చేరితే, భార్య మంచం అడ్డంపెట్టి ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి పసుపు పెట్టింది. తల్లి, నువ్వు విరిగావు, పాలూ విరిగాయి అని విరిగిన పాలు వడ్డించింది. అతను తిరిగి వెళ్లి చచ్చి కీర్తి తెచ్చుకున్నాడు. ఆ చాటుకథను మనం రోషానికి ఉదాహరణగా పిల్లలకు చెప్పుకున్నాం. అతను ఆ గుమ్మంలోకి ఏం చూసి వచ్చాడో ఒక్కరూ అడిగినట్టు కథలో లేదు. గెలుపు, చావు, ఈ రెండే దారులు. మూడోదానికి విరిగిన పాలు. చిత్రమేమిటంటే అదే ఇంటివాడు, ఖడ్గతిక్కనకు వరసకు సోదరుడైన కవి తిక్కన, శాంతిపర్వం తెలుగు చేశాడు. గెలిచిన ధర్మరాజు గెలుపును మింగలేక, రాజ్యం వద్దు అడవికి పోతానని కుమిలే ఘట్టం ఆయన చేతిమీదుగా తెలుగులోకి వచ్చింది. ఒకే వంశంలో గాయాన్ని ఎగతాళి చేసిన కథ, గాయాన్ని విన్న కావ్యం రెండూ ఉన్నాయి. అయినా ధర్మరాజుకు బోధించడానికి అంపశయ్య మీద భీష్ముడున్నాడు. విన్నాక ముప్ఫై ఆరేళ్లు రాజ్యం చేశాడు. ఫ్రోడోకి ఏ బోధా పనిచేయలేదు. ఇంటిదారిలో గాండాల్ఫ్‌ని అడుగుతాడు, నాకు విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందని. అన్నిటికీ సమాధానం ఉండే గాండాల్ఫ్ ఆ ఒక్కదానికి మాట్లాడడు.

మూడో ఆక్షేపణ పాఠకుల ప్రేమలోంచి వస్తుంది: అసలు వీరుడు శామ్ కదా? కొండమీదికి మోసింది అతనే, నమ్మకం పోగొట్టుకోనిది అతనే. 1951 నాటి ఒక ఉత్తరంలో టోల్కీన్ కూడా శామ్‌ని ప్రధాన నాయకుడన్నాడు. శామ్ గొప్పతనాన్ని తగ్గించే ఓపిక నాకు లేదు. అయితే శామ్ ఎందుకు నిలబడగలిగాడో చూడండి. ఉంగరం అతని దగ్గర ఉన్నది ఒకటి రెండు రోజులు. అతని మనసులో ఇల్లు, తోట, ప్రేమించిన రోజీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఎందుకంటే వాటిని చెరిపే బరువు ఇంకొకడి మెడలో ఉంది. ఇద్దరిలో ఒకడు లోపలంతా ఖాళీ చేసుకున్నాడు కాబట్టి రెండోవాడు నిండుగా మిగిలాడు. శామ్ ఇంటికొచ్చి పెళ్లి చేసుకున్నాడు, పదమూడు మంది పిల్లల్ని కన్నాడు, మళ్లీ మళ్లీ మేయరయ్యాడు. ఆ సంసారమంతా ఫ్రోడో త్యాగానికి రెండో వైపు. విడిపోయేముందు ఫ్రోడో శామ్‌తో దాదాపు ఇదే చెబుతాడు: షైర్ దక్కింది, నాకు దక్కలేదు, కొందరు వదులుకుంటేనే మిగతావాళ్లకు ఉంటాయని. ఆ మాటలో ఫిర్యాదు లేదు, గొప్పా లేదు.

అదృష్టం సంగతి కూడా తేల్చాలి. గొల్లమ్ కాలు జారకపోతే? జారడం ఫ్రోడో ఘనత కాదు కదా? కాదు. కానీ గొల్లమ్ ఆ అంచున ఉండటం యాదృచ్ఛికం కాదు. చంపవలసిన సందర్భాలు ఎన్నో వచ్చినా ఫ్రోడో చంపలేదు, చంపనివ్వలేదు. మొదట్లో ఇంట్లో కూర్చుని, బిల్బో ఆనాడే వాణ్ణి పొడిచేసి ఉంటే పోయేది అన్నవాడే, కళ్లారా చూశాక జాలిపడ్డాడు. ఎందుకంటే ఉంగరం మోసినవాడు ఏమవుతాడో గొల్లమ్‌లో అతనికి తన మొహమే కనబడింది. ఆ జాలి అతని మనసు అతని స్వాధీనంలో ఉన్నప్పుడు చేసిన పని. మనసు పోయాక అది తిరిగొచ్చి ఆదుకుంది. 2003 నాటి సినిమా ఈ సూక్ష్మాన్ని భరించలేకపోయింది. అందులో వేలు తెగిన ఫ్రోడో లేచి గొల్లమ్‌తో కలియబడతాడు, పెనుగులాటలో గొల్లమ్ పడిపోతాడు. పదకొండు ఆస్కార్లు అందుకున్న మంచి చిత్రమే. ఆ ఒక్కచోట మాత్రం నాయకుడు ఏదో ఒకటి చేసి తీరాలన్న సినిమాధర్మానికి తల వంచింది. మన తెరమీద నాయకుడి కట్టు తర్వాతి పాటకి ఊడిపోతుంది కాబట్టి మనం వాళ్లను వేలెత్తి చూపడానికి లేదు. సినిమా ఇంకో ఘట్టం కూడా వదిలేసింది. తిరిగొచ్చేసరికి షైర్‌ని సారుమాన్ అనే దుష్ట మాంత్రికుడి మనుషులు ఆక్రమించి చెట్లు నరికేసి ఉంటారు, హాబిట్లు తిరగబడతారు, నవంబరు 3న బైవాటర్ పోరులో పందొమ్మిది మంది హాబిట్లు చనిపోతారు. ఫ్రోడో ఆ పోరులో ఉన్నాడు, కత్తి దూయలేదు. లొంగిన శత్రువుల్ని చంపకుండా అడ్డుపడటమే అతను చేసిన పని. తనను పొడవబోయిన సారుమాన్‌ని కూడా వదిలేయమన్నాడు. గాయపడ్డవాడు కసితో తిరిగొస్తాడని లోకం అనుకుంటుంది. ఇతను కసి అనే వస్తువునే ఎక్కడో వదిలేసి వచ్చాడు. ఊరు మాత్రం కత్తి పట్టిన అతని స్నేహితులు మెర్రీ, పిప్పిన్‌లకే నీరాజనాలిచ్చింది. తన యజమానికి సొంతగడ్డ మీద దక్కిన గౌరవం ఇంతేనా అని శామ్ లోలోపల నొచ్చుకున్నాడు.

చివరికి ఫ్రోడో ఓడెక్కి పడమటి దేశానికి వెళ్లిపోతాడు. అది అందంగా చుట్టిన చావేనని కొందరు, పారిపోవడమని కొందరు అంటారు. రెండూ పొసగవు. అక్కడికి వెళ్లినా అతను మర్త్యుడే. కాలం తీరాక చనిపోవలసినవాడే. టోల్కీన్ 1963 జాబులో చెప్పింది కూడా, చనిపోయేలోగా కుదిరితే నయం కావడానికి పంపారని. ‘కుదిరితే’ అన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి. అదే జాబులో ఫ్రోడో తనను తాను ఓడినవాడిగా నిందించుకున్నాడనీ, ఉంగరం పోయినందుకు చింత అతన్ని వదల్లేదనీ ఆయన ఒప్పుకున్నాడు. ప్రతిఫలంగా స్వర్గం ఇచ్చి కథ ముగించడం రచయితకు సులువు. ఈయన ఆసుపత్రికి పంపి, ఫలితం చెప్పకుండా ముగించాడు.

నవల వెనక అనుబంధాలున్నాయి, చాలామంది చదవరు. అందులో నాలుగోది క్యాలెండర్ల గురించి. రాజు ఏలే దక్షిణదేశంలో మార్చి 25ని సంవత్సరాది చేశారు, ఫ్రోడో పుట్టినరోజు సెప్టెంబరు 22ని పండుగ చేశారు. షైర్‌లో ఈ రెండు రోజులూ జరుపుకున్న దాఖలా లేదు. ఆ పక్కనే ఉన్న బక్‌లాండ్‌లో ఏటా నవంబరు 2 సాయంత్రం తిరుగుబాటు గుర్తుగా బూర ఊదుతారు. ఫ్రోడో ఊరు హాబిటన్ చుట్టుపక్కల ఏప్రిల్ 6న మైదానంలో ఆటాపాటా ఉంటుంది. అది తోటమాలి శామ్ పుట్టినరోజని కొందరు, శామ్ నాటిన బంగారుచెట్టు మొదటిసారి పూసిన రోజని ఇంకొందరు అంటారట. అక్టోబరు 6, మార్చి 13 ఏ పట్టికలోనూ లేవు.